కండక్టర్‌కు వచ్చే మా ఇంటి ఫోన్

రిటైరైన బస్సు డ్రైవర్ కనబడితే మీలాంటి కొత్త డ్రైవర్లు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఘాట్‌లో బ్రేకులు ఎప్పుడైనా ఫెయిలయ్యాయా, అడవి దారిలో పులి అడ్డం వచ్చిందా, ఎన్ని ప్రమాదాలు చూశారు అని. పులి రాలేదు. బ్రేకులూ ఫెయిల్ కాలేదు. నా సర్వీసు మొత్తంలో నా చేతులు స్టీరింగ్ మీద నిజంగా వణికింది ఒక ఫోన్ వల్ల. ఆ ఫోన్ కూడా నాకు వచ్చింది కాదు, నా కండక్టర్‌కు వచ్చింది. చేసింది నా భార్య.

నవ్వితే నవ్వండి గానీ మొత్తం వినండి. ఆ కండక్టరమ్మ మీద నాకున్న అసూయ ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. చల్లారిందని చెప్పి మీ ముందు పెద్దమనిషి అనిపించుకోవాలని కూడా నాకు లేదు.

అప్పట్లో నాది కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వెళ్లే ఎక్స్‌ప్రెస్. తెల్లవారగానే బండి తీసి జగిత్యాల, ఖానాపూర్, నిర్మల్ మీదుగా వెళ్లి, అదే రోజు తిరిగి రావాలి. డ్యూటీలో డ్రైవర్ ఫోన్ ముట్టుకోకూడదని మీకూ తెలుసు. నా ఫోన్ స్విచాఫ్ చేసి సీటు కింద సంచిలో పడేసేవాణ్ని. ఇంట్లో ఏదైనా అవసరం పడితే కండక్టర్‌కు చేయాలి. డ్రైవర్ల ఇళ్లలో ఎక్కడ చూసినా ఇదే పద్ధతి. వంటింటి గోడ మీద పాలవాడి నంబరు పక్కన కండక్టర్ నంబరు రాసి ఉంటుంది.

మా ఇంట్లో ఆ నంబరు అవసరం మిగతా ఇళ్లకంటే ఎక్కువ. మా ఆవిడకు బైపోలార్ జబ్బు. పెళ్లయిన కొన్నేళ్లకు బయటపడింది. డాక్టర్ చెప్పిన పేరుకు నోరు తిరగక మేమే ఇంటి పేర్లు పెట్టుకున్నాం, పెట్టింది కూడా ఆమే. ఒకటి హుషారు, ఇంకోటి ముసురు. హుషారు వచ్చిందంటే ఆమెకు నిద్ర అక్కర్లేదు. నడి ఎండాకాలంలో పిండి పట్టించి వీధి మొత్తానికీ సకినాలు చుట్టేది. ఎన్నడూ మాట్లాడని చుట్టాలకు ఫోన్లు చేసి భోజనానికి పిలిచేది. ముసురు పట్టిందంటే గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకోమంటే అదే పెద్ద పనైపోయి ఏడ్చేది. మందు గోలీలు సరిగ్గా పడితే నెలల తరబడి ఈ రెండూ ఉండేవి కావు. అందరిలాగే టీవీలో అత్తగారిని తిట్టుకుంటూ చిక్కుడుకాయలు ఒలిచేది. అయితే వీధివాళ్లకు గుర్తుండేది హుషారే. "అక్క చేతి సకినాలు" అని ఏడాదంతా చెప్పుకునేవాళ్లు. సకినాలు వాళ్లకూ, ముసురు నాకూ అన్నట్టు జరిగిన ఈ పంపకం మీద నేను మొదటినుంచీ గుర్రుగానే ఉండేవాణ్ని.

ఒకసారి హుషారు బాగా ముదిరి, నేను డ్యూటీలో ఉండగా దొరికిన బస్సెక్కి వెళ్లిపోయింది. ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలో ఏదో బస్టాండులో దిగింది. కాళ్లకు చెప్పుల్లేవు, చేతికి గాజుల్లేవు. ఆ గాజులు ఎవరికి ఇచ్చిందో ఈనాటికీ తెలియదు. తెలుగు వచ్చిన ఒక పండ్లమ్మే ఆవిడ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మాకు కబురు చేసింది. వెళ్లి తెచ్చుకున్నాను. దవాఖానకు పోదామంటే నాకేం జబ్బు లేదని మొండికేసింది. అప్పుడు "కొండగట్టు పోదాం పా" అని ఆటో ఎక్కించి, తీసుకెళ్లి దవాఖాన ముందు దించాను. గుడి పేరు చెప్పి దవాఖానకు తీసుకెళ్లడం మా వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. ఆమె బతికి బట్టకట్టింది ఆ రోజు జరిగిన వైద్యంతోనే. కానీ ఆ తరువాత నేను ఎటు పోదామన్నా ఆమె చెప్పులు వేసుకోకుండా గుమ్మంలో నిలబడి నా మొహంలోకి చూసేది.

నేను మాత్రం తక్కువ చూశానా? ఆమె కాస్త గట్టిగా నవ్వితే నా చూపు ఆమె చేతుల మీదకు పోయేది, వణుకుతున్నాయా అని. మాట వేగం పెరిగితే గోలీల డబ్బా వైపు పోయేది. మధ్యాహ్నం కునుకు తీస్తే ముసురా అని అనుమానం, తీయకపోతే హుషారా అని అనుమానం. బండి ఇంజిన్ చప్పుడులో తేడా కోసం చెవి పెట్టి వినేవాణ్ని కదా, ఇంట్లోనూ అదే చెవి. డాక్టర్ చెప్పిన జాగ్రత్తే ఇదంతా అనుకునేవాణ్ని.

అలాంటి రోజుల్లో నా బండికి కొత్త కండక్టర్‌ను వేశారు. మంచిర్యాల పక్క పల్లె ఆమెది. నాకంటే చాలా చిన్న. భర్త గల్ఫ్‌లో ఎన్నో ఏళ్లుగా ఉన్నాడు. మనిషి సన్నగా ఉండేది గానీ గొంతు మాత్రం బస్టాండంతా వినిపించేది. మొదటి రోజే నన్ను "అన్నా" అంది, మా ఆవిడ ఫోన్ చేస్తే "వదినా" అంది.

మొదట్లో ఫోన్ పద్ధతిగానే ఉండేది. జగిత్యాల దాటాక వచ్చేది. "అన్న బువ్వ తిన్నడా?" అని అడిగితే ఈమె నాకు వినబడేట్టే చెప్పేది.

"తిన్నడు వదినా. బీరకాయ కూర మిగిల్చిండు. ఇంటికొస్తే అడుగు."

బస్సంతా నవ్వేది. నాకూ బాగుండేది. బండి నడుపుతుండగా వెనక నా గురించి మాట్లాడుకునే ఇద్దరు ఆడవాళ్లున్నారంటే ఎవరికి బాగుండదు!

తరువాత తరువాత ఆ ఫోన్ పొడుగైంది. అందులో నా బువ్వ ముచ్చట మాయమైంది. లోపలి అద్దంలో చూస్తే మా కండక్టరమ్మ ముందు సీట్లో కూర్చొని, టికెట్ మిషన్ ఒళ్లో పెట్టుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతుండేది. అవతల మా ఆవిడ కూడా నవ్వుతోందన్నమాట. ఏం చెప్పి నవ్విస్తోంది? నాతో ఆమె అలా నవ్వి ఎన్నేళ్లయింది? గేరు మార్చిన ప్రతిసారీ ఈ ప్రశ్నే. కడుపులో మంట మొదలైంది. అది ఆకలి మంట కాదని నాకు తెలుసు.

నిర్మల్ బస్టాండులో చాయ్ తాగుతూ ఒకరోజు అడిగేశాను.

"ఏమంటుంది మీ వదిన?"

"ఏమనలే అన్నా."

"ఖానాపూర్ సంది ఈడిదాంక ఏమనకుంటనే మాట్లాడిందా?"

"మాట్లాడుకున్నం. మా ముచ్చట్లు మాకుంటయి."

"చూడమ్మా, ఆమెకు పానం బాగుండదు. ఏం మాట్లాడుతుందో నాకు ఎరుక ఉండాలె."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి నావైపు తిరిగింది. "బాగలేకుంటే నేనే చెప్త అన్నా, నువ్వు అడిగేదాంక ఆగ. బాగున్నప్పటి ముచ్చట్లు నీకెందుకు? గవి వదినయి."

నా భార్య మాటలు నాకెందుకట! ఒళ్లు మండిపోయింది. చాయ్ సగంలో వదిలేసి బండెక్కాను.

అసూయ కంట్లో పడ్డ నలుసు లాంటిది, రోడ్డు మీద ఉండాల్సిన చూపును ఉండనివ్వదు. ఒకరోజు ఆదిలాబాద్ నుంచి తిరిగి వస్తున్నాం. అద్దంలో ఈమె ఫోన్ పట్టుకొని ఏదో చెవిలో చెప్పినట్టు చెబుతోంది. ఏం చెబుతోందో పెదవులు చూసి పట్టుకుందామని నా ప్రయత్నం. ఆ ధ్యాసలో నిర్మల్ ఊళ్లోకి తిరగాల్సిన బండిని నేరుగా బైపాస్ మీద పోనిచ్చాను. నిర్మల్‌లో దిగాల్సిన వాళ్లంతా ఒక్కసారిగా లేచి కేకలు. "ఓ డ్రైవర్ సాబ్, మమ్ముల హైదరాబాద్ తీస్కపోతున్నవా?" ఒక ముసలమ్మయితే చేతికర్రతో నా సీటు వెనక కొట్టింది. చాలా దూరం పోయి బండి తిప్పుకొని రావాల్సి వచ్చింది.

బస్టాండులో కంట్రోలర్ ఎందుకింత ఆలస్యమని అడిగితే నేను నోరు తెరిచేలోపే మా కండక్టరమ్మ అందుకుంది. "సార్, రోడ్డు మీద పత్తి లారీ అడ్డం పడ్డది. అన్న కాబట్టి సుట్టు తిప్పి తెచ్చిండు. ఇంకొకరైతే ఆడనే ఉండేటోళ్లు." కంట్రోలర్ నన్ను మెచ్చుకున్నాడు. నన్ను కాపాడిందని సంతోషపడాలా? దానికీ మండింది. ఇప్పుడు ఇంట్లోనూ ఈమె మంచిదే, బండిలోనూ ఈమె మంచిదే. మరి నేనెక్కడ?

డిపోలో సంగతి పాకింది. మా డిపోలో గుట్టు దాగేది ఎప్పుడు గనుక. బండి కడిగే దగ్గర ఒక సీనియర్ డ్రైవర్ అందరూ వినేట్టు అన్నాడు. "మావోని కండక్టర్‌కు, మావోని ఇంటామెకు మస్తు దోస్తానా అటగదా. నడుమ వీడు ఉట్టి స్టీరింగ్ తిప్పుతుండు." అందరితోపాటు నేనూ నవ్వాను. పక్కకు వెళ్లి బండి టైరును గట్టిగా తన్నాను. కాలి బొటనవేలు వాచింది.

ఇంట్లో కూడా అడిగి చూశాను. "ఆమెతోటి ఏం ముచ్చట నీకు?"

"గోంగూర ముచ్చట."

"రోజు గోంగూరేనా?"

"ఒకనాడు గోంగూర, ఒకనాడు పుంటికూర."

రెండూ ఒకటే కూర. నన్ను ఆటపట్టిస్తోందని తెలిసినా నవ్వు రాలేదు. అన్నిటికంటే నన్ను ఎక్కువ కోసేది ఇంకోటుంది. సెలవు రోజు నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి ఆమె ఫోన్‌లో పకపకా నవ్వుతుండేది. నేను గేటు తీసిన చప్పుడు వినగానే ఆ నవ్వు ఆగిపోయేది. "మల్ల చేస్త చెల్లె" అని పెట్టేసేది. సంచిలో కూరగాయలతో గుమ్మంలో నిలబడి, నా ఇంట్లోకి నేను రావడం వల్ల ఏం ఆగిపోయిందో చూస్తుండేవాణ్ని.

ఇక ఆ రోజు సంగతి.

పత్తి దిగుబడి రోజులు. ఆదిలాబాద్ దారి నిండా పత్తి వేసుకున్న ట్రాక్టర్లు, వాటి వెనక నెమ్మదిగా మేము. బస్సు నిండా ఆడవాళ్లు. ఖానాపూర్ దాటాక ఫోన్ వచ్చింది. అలవాటుగా అద్దంలోకి చూశాను. ఈసారి ఆమె నవ్వలేదు. లేచి నిలబడింది. తరువాత నాకు వినబడింది ఇంతే: "కుర్చీల కూసో వదినా. పొయ్యి బంద్ చెయ్యి. ఫోన్ పెట్టకు. నేనున్న గద."

స్టీరింగ్ మీద నా చేతులు వణికింది అప్పుడే. బండి పక్కకు తీసి ఆపాను. ఆమె ముందుకొచ్చి ఫోన్‌ను చేత్తో మూసి, ప్రయాణికులకు వినబడకుండా మెల్లగా చెప్పింది.

"అన్నా, వదినకు బాగలేదు. కొన్ని దినాల సంది నిద్రే పోతలేదట. నీ పక్కన కండ్లు మూసుకొని పండుకుంటుందట."

ప్రతి నవ్వుకూ ప్రతి కునుకుకూ చెవి పెట్టిన నా పక్కనే ఆమె నిద్రపోయినట్టు నటించింది. నేను హాయిగా గురకపెట్టాను.

"నాకెందుకు చెప్పలే? ఫోన్ ఇయ్యి నాకు."

"ఒద్దు అన్నా. ఇప్పుడొద్దు. హుషారు, ముసురు రెండూ ఒక్కసారే వచ్చినట్టున్నయట. ఇంట్ల కూసోబుద్ధి అయితలేదు, బయటికి పోవాలనిపిస్తుంది, పోతే మల్ల ఒస్తనో రానో అంటుంది. దవాఖానకు తనకు తానే పోత అంటుంది. కని..."

"కని ఏంది?"

"నన్ను రమ్మంటుంది. నిన్ను గాదు."

ఆ మాట ఆమె తల దించుకొని చెప్పింది. అప్పుడు కూడా, అంత ఆపదలో కూడా, నాకు ముందు కలిగింది భయం కాదు, మంట. అది కలిగిందని చెప్పకపోతే మీకు ఈ కథంతా చెప్పడం దండగ.

నిర్మల్ దాకా బండిని ఎలా తెచ్చానో గుర్తులేదు. దారిలో ఈమె ఒక చెవికి ఫోన్ పెట్టుకొనే రెండో చేత్తో టికెట్లు కొట్టింది. ఎవరో ప్రయాణికురాలి ఫోన్‌తో మా పక్కింటికి కబురు పంపి, ఆ ఇంటి అవ్వను మా ఆవిడ దగ్గర కూర్చోబెట్టించింది. ఆ అవ్వకు చెవులు వినబడవు, కానీ చెయ్యి పట్టుకొని కూర్చోగలదు.

నిర్మల్ బస్టాండులో దిగి కంట్రోలర్‌కు చెప్పాను. ఇంట్లో మనిషికి ఆపద, వెంటనే వెనక్కి పోవాలి అని. మంచివాడు, ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. అక్కడ ఒక బండి చెడిపోయి దాని డ్రైవరూ కండక్టరూ ఖాళీగా ఉన్నారు.

"మనుషులైతే ఉన్నరు" అన్నాడు. "కని మీ డిపో బండి ఇది. మీ డిపో మనిషి ఒక్కరన్న బండిల ఉండాలె. ఇద్దర్ని దించలేను. డ్రైవర్ పోతడా, కండక్టర్ పోతదా, మీరే తేల్చుకోండ్రి. కరీంనగర్ బండి స్టార్టయితుంది, జల్ది చెప్పండ్రి."

ప్లాట్‌ఫారం మీద మేమిద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. ఆమె చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది. అందులోంచి సన్నగా మా ఆవిడ గొంతు వినిపిస్తోంది. ఏం అంటోందో తెలియదు, గొంతు మాత్రం ఆమెదే. నేను భర్తను. వెళ్లాల్సింది నేను. ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, డిపోలో రేపు ఇదే అడుగుతారు. ఇంట్లో పెళ్లాం అట్లుంటే నువ్వు బండి నడుపుకుంటూ పోయినవా అని.

"నువ్వే పో అన్నా" అంది ఆమె. "నేను ఫోన్‌ల మాట్లాడుకుంట వదినను సముదాయిస్త."

ఆ మాట మంచి మనసుతోనే అన్నది. కానీ ఆమె వదిలిపెట్టినంత మాత్రాన ఆ చోటు నాకు దక్కదని నాకు తెలుసు. నేను గుమ్మంలో కనబడగానే మా ఆవిడకు గుర్తొచ్చేది కొండగట్టు ఆటో. పెరటి తలుపు తీసుకొని వెళ్లిపోతే ఆ చెవిటి అవ్వ ఆపగలదా? ఆమె పిలిచింది ఒకరిని. వేరొకరు వెళ్తే మోసం మళ్లీ మొదటికి వస్తుంది.

"నిన్ను గదా పిలిచింది" అన్నాను. "నువ్వే పో."

ఆమె టికెట్ మిషన్ తీసి కొత్త కండక్టర్ చేతిలో పెట్టి, లెక్క అప్పజెప్పి, కదులుతున్న కరీంనగర్ బస్సులోకి ఎక్కేసింది. ఫోన్ మాత్రం చెవి దగ్గర్నుంచి దించలేదు.

నేను ఆదిలాబాద్ వైపు బండి తిప్పాను. నా భార్య ఒకవైపు, నేను ఒకవైపు. ఘాట్ ఎక్కుతుంటే కొత్త కండక్టర్ ముందుకొచ్చి ఏవో ముచ్చట్లు మొదలుపెట్టాడు. వాళ్ల ఊళ్లో ఎవరో బావి తవ్వితే నీళ్లు పడలేదట. నేను ఊ కొట్టలేదు. కాసేపటికి అతనే వెనక్కి వెళ్లిపోయాడు.

ఆదిలాబాద్‌లో బండి ఆపగానే సీటు కింద సంచిలోంచి ఫోన్ తీసి మా ఆవిడకు చేశాను. బిజీ. ఇంకోసారి చేశాను. బిజీ. నా పెళ్లాం ఫోన్ నాకు దొరకడం లేదు, ఇంకొకరితో మాట్లాడుతోంది. ముందు మండింది. తరువాత మెల్లగా తట్టింది. బిజీ అంటే ఫోన్ చేతిలో ఉంది. ఫోన్ చేతిలో ఉందంటే కుర్చీలో ఉంది. కుర్చీలో ఉందంటే నా మనిషి బతికి ఉంది, ఇంట్లో ఉంది. ఇక అప్పటినుంచి ఆ బిజీ అన్న మాట వినడానికే చేస్తూ పోయాను. తిరుగు ప్రయాణం మొదలయ్యేదాకా బస్టాండులో తచ్చాడుతూ అదే పని. పక్కన బెంచీ మీద ఒక మరాఠీ ముసలాయన నన్నే చూస్తున్నాడు. "లాగత్ నాహీ కా?" అని అడిగాడు, కలవడం లేదా అని. బిజీ ఉందని నవ్వుతూ చెప్పాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయనకు ఏమర్థమైందో తెలియదు, జరిగి నాకు చోటిచ్చాడు.

కరీంనగర్‌లో బండి అప్పజెప్పి దవాఖానకు వెళ్లేసరికి దీపాలు పెట్టేశారు. వార్డు తలుపు దగ్గర నర్సు ఆపింది.

"మీరెవరు?"

"భర్తను."

"ఒక్కరినే ఉండనిస్తాం. వాళ్ల చెల్లెలు ఉంది లోపల. మీరు బయట కూర్చోండి."

చెల్లెలట! ఖాకీ యూనిఫాం వేసుకున్న చెల్లెలు. బయట బెంచీ మీద కూర్చొని పళ్లు నూరుకున్నాను. కొంతసేపటికి ఆమె బయటికి వచ్చింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. పొద్దున కట్టుకొచ్చిన రొట్టెలు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

"సూదిమందు ఇచ్చిండ్రు అన్నా. నిద్రపట్టేటట్టున్నది. తనే నడుసుకుంట వచ్చింది. డాక్టర్ అడిగిందానికి అన్నిటికి తనే చెప్పింది. పో, కలువు."

"నీకెట్ల తెలిసింది పొద్దున? ఆమె చెప్పంగనేనా?"

"చెప్పకముందే. వదినా అని పిలిస్తే ఊ అన్నది గద, గా ఊ తోనే." ఆమె చెప్పులు వేసుకుంటూ అంది. "మా ఆయనను ఏండ్ల సంది ఫోన్‌లనే చూసుకుంటున్న అన్నా. మొఖం కనబడకుంటే గొంతు ఎరుకైతది."

ఆమె వెళ్లిపోయింది. నేను లోపలికి వెళ్లాను. మా ఆవిడ మత్తు మత్తుగా ఉంది. నన్ను చూసి చెయ్యి కొంచెం జరిపింది. పట్టుకున్నాను. అడగకూడదు అనుకుంటూనే అడిగాను.

"నాకు చెప్తే నేను రాకపోదునా? ఆమెకే ఎందుకు చెప్పినవ్?"

కళ్లు మూసుకొనే జవాబు చెప్పింది. మాటకు మాటకు మధ్య ఎడం ఉంది.

"నీకు చెప్తే నీ మొఖం మారుతది. నేను నవ్వినా మారుతది, ఏడ్చినా మారుతది. నీ మొఖంల నాకు ఎప్పుడు నా జబ్బే కనబడుతది. ఆమెకు ఏం చెప్పినా, గట్లనా వదినా అంటది. బువ్వ తిన్నవా అంటది. ఆమెతోటి మాట్లాడుతున్నంత సేపు నేను ఉట్టి మనిషినే."

తరువాత నిద్రలోకి జారిపోయింది. నిజమైన నిద్ర. ఆ తేడా నాకు ఆ రోజే మొదటిసారి తెలిసింది.

బయట కారిడార్‌లో చేతులు కడుక్కునే చోట ఒక అద్దం ఉంది. దాని ముందు నిలబడి నా మొహం చూసుకున్నాను. రెండు కనుబొమ్మలూ దగ్గరికి వచ్చి, మూతి బిగుసుకొని, తప్పు దొరకబుచ్చుకోవడానికి వచ్చిన చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌లా ఉంది. ఇన్నేళ్లూ ఆమె ఎదుట కూర్చొని అన్నం తిన్న మొహం ఇదా? నన్నెవరైనా రోజూ అలా చూస్తే నేనూ గోడవైపే తిరిగి పడుకుంటాను.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే గోలీలు, రక్తపరీక్షలు, నిద్ర, ఇవన్నీ డాక్టర్ చెబుతాడు. అవి తప్పకుండా చూడండి, చూడొద్దని నేను చెప్పడం లేదు. చూపు ఎప్పుడు దించాలో మాత్రం డాక్టర్ చెప్పడు, డిపోలో ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. నేను నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందో వెతకకుండా నవ్వడం నేర్చుకున్నాను. మొదట్లో నా నవ్వు చూసి ఆమే భయపడింది. "ఏమైంది నీకు, పానం మంచిగుందా?" అని అడిగింది.

ఫోన్లు మాత్రం ఆగలేదు. నేను ఆపమనలేదు. లోపలి అద్దంలోకి చూడటం తగ్గించాను, మానేశానని అబద్ధం చెప్పను.

నేను రిటైరయ్యాను. కండక్టరమ్మ మంచిర్యాలకు బదిలీ చేయించుకొని వెళ్లింది. ఇప్పుడు నేను రోజంతా ఇంట్లోనే ఉంటున్నా, నా ఫోన్ రోజంతా నా జేబులోనే ఉంటున్నా, మా ఆవిడ ఫోన్ చేసేది మంచిర్యాలకే. గోంగూర ముచ్చట్లు ఇంకా అయిపోలేదు.

మొన్న వానాకాలంలో ఒక పొద్దున. వాకిట్లో కూర్చొని పాత స్టవ్ విప్పుకుంటున్నాను. మా ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాకు జర తేడా కొడుతుంది. నిద్ర సక్కగ పడ్తలేదు. డాక్టర్‌కు చూపెడ్దామా?"

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోటితో, ముందుగా, నాకు చెప్పడం ఇదే మొదలు. పాత భయం లేచింది. దాన్ని మొహం దాకా రానివ్వలేదు.

"సరే, పోదాం. చాయ్ తాగి పోదామా?"

"తాగి పోదాం" అని లోపలికి వెళ్లింది. చీర మార్చుకుంటున్న చప్పుడు వినిపించింది.

నేను ఆగగలనా? జేబులోంచి ఫోన్ తీసి, గేటు దాటి రోడ్డు మీదకు వెళ్లి మంచిర్యాలకు చేశాను. ఆమె డ్యూటీలో ఉన్నట్టుంది, వెనక బస్సు చప్పుడు.

"ఏమైంది అన్నా, వదిన మంచిగున్నదా?"

"జర నిద్ర తక్కువైందట. దవాఖానకు పోతున్నం" అన్నాను. ఆనందం ఆపుకోలేకపోయాను. "నాకే చెప్పింది, ఎరికేనా? ముందుగాల నాకే చెప్పింది!"

అటు టికెట్ మిషన్ చప్పుడైంది.

"ఎరికే అన్నా" అంది మెల్లగా. "నిన్న ఫోన్ చేసింది. ఈపారి మీ అన్నకే చెప్దామనుకుంటున్న చెల్లె, చెప్పొచ్చునా అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"చెప్పు వదినా, అన్న ఇప్పుడు మొఖం మంచిగనే పెడ్తుండు అన్న."

ఫోన్ పెట్టేశాను. కడుపులో అదే పాత మంట, ఆదిలాబాద్ దారి పొడుగునా ఉన్నదే, మళ్లీ భగ్గుమంది. లోపలినుంచి మా ఆవిడ "చాయ్ సల్లారుతుంది" అని పిలిచింది. గేటు దగ్గరే ఒక్క నిమిషం ఆగి, మొహం సరిచేసుకొని లోపలికి వెళ్లాను.